ట్రాక్షన్‌తో పొడవు వచ్చింది, టిల్ట్ రాలేదు: ఇంకా బరువు వేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అరవై దాటిన మహిళ, కీలు లోపలి దాకా వెళ్లిన డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్, అంటే ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక (రేడియస్) మణికట్టు దగ్గర విరగడం. ఫింగర్ ట్రాప్‌లో (వేళ్లను పట్టి చేతిని వేలాడదీసే తొడుగు) 4 కిలోల బరువుతో పది నిమిషాలు వేలాడదీశారు; ఈ లాగుడే ట్రాక్షన్. రేడియస్ పొడవు, ఇంక్లినేషన్ (ముందు నుంచి చూస్తే కీలు ఉపరితలం పక్కకు వాలే కోణం) దాదాపు సరయ్యాయి. లాటరల్ ఫిల్మ్‌లో (పక్క నుంచి తీసిన ఎక్స్‌రే) మాత్రం కీలు ఉపరితలం ఇంకా 15 డిగ్రీలు వెనక్కే వాలి ఉంది; ఈ వాలే టిల్ట్. బరువు 7, 8 కిలోలకు పెంచితే అదీ సరవుతుందా, లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) దెబ్బతింటాయా, ఫిక్సేటర్ (ఎముకలో పిన్‌లు దించి బయట బిగించే ఫ్రేమ్) పెడితే ఎంత లాగి బిగించాలి అని అడిగారు.

రాదు. బరువు పెంచకండి. నిలువుగా ఎంత లాగినా డార్సల్ టిల్ట్ (చేతి వెనుక వైపు వాలు) నమ్మకంగా సరిదిద్దబడదు. ట్రాక్షన్ చేసేది పొడవు తేవడం, ఇంక్లినేషన్ తేవడం, లిగమెంట్ పట్టుకున్న పెద్ద ముక్కలను దగ్గరకు చేర్చడం. అరచేతి వైపు వాలు రావాలంటే వేరే దిశలో బలం కావాలి. చేతిని మొత్తంగా అరచేతి వైపు జరపడమో, ఫ్రాక్చర్ లోంచి కె-వైర్ అనే సన్నని లోహపు తీగతో ఎత్తడమో, ప్లేట్‌తో నెట్టడమో చేయాలి. మీరు పెంచిన ప్రతి కిలో టిల్ట్‌కు పనికిరాకుండా కార్పల్ కీళ్లను (మణికట్టు చిన్న ఎముకల మధ్య కీళ్లు) తెరుస్తుంది, వేళ్ల టెండన్లను (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) బిగిస్తుంది.

ఎందుకో అర్థమైతే మిగతా నిర్ణయాలన్నీ సులువవుతాయి. అందుకే కారణం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అరచేతి వైపు, అంటే వోలార్ వైపు ఉన్న లిగమెంట్లు చూడండి. రేడియో స్కాఫో క్యాపిటేట్, లాంగ్ రేడియో లూనేట్, షార్ట్ రేడియో లూనేట్. పేర్లలోని స్కాఫాయిడ్, క్యాపిటేట్, లూనేట్ మణికట్టులోని చిన్న ఎముకలు. మందమైనవి, బలమైనవి. వీటిలో షార్ట్ రేడియో లూనేట్ దాదాపు నిటారుగా రేడియస్ అంచు నుంచి లూనేట్‌కు పోతుంది, మిగతా రెండూ కొద్దిపాటి వాలుతో పోతాయి. రేడియో స్కాఫో లూనేట్ అని పుస్తకంలో కనిపించేది ప్రధానంగా రక్తనాళాలు, నరాలు మోసే కణజాలం. దాని నుంచి బలం ఆశించకండి.

వెనుక వైపు, అంటే డార్సల్ వైపు సంగతి వేరు. అక్కడ రేడియస్‌కు అంటుకున్న ముఖ్యమైన లిగమెంట్ ఒక్కటే, డార్సల్ రేడియో కార్పల్. అది రేడియస్ నుంచి బాగా ఏటవాలుగా అల్నా (ముంజేతిలో చిటికెన వేలి వైపు ఎముక) వైపు ఉన్న ట్రైక్వెట్రమ్ అనే చిన్న ఎముకకు వెళ్తుంది. అక్కడి నుంచి డార్సల్ ఇంటర్ కార్పల్ అనే మరో లిగమెంట్ అడ్డంగా స్కాఫాయిడ్ వైపు వెనక్కి తిరుగుతుంది. రెండూ కలిపి చూస్తే పక్కకు పడుకోబెట్టిన వి అక్షరంలా ఉంటాయి. వోలార్ వాటితో పోలిస్తే పల్చన కూడా.

ఇప్పుడు నిలువుగా లాగండి. అరచేతి వైపు నిటారు లిగమెంట్లు వెంటనే బిగుస్తాయి. వెనుక వైపు ఏటవాలు లిగమెంట్ మొదట తన వాలును తగ్గించుకుని నిలువు వైపు తిరుగుతుంది, ఆ తిరుగుడు అయిపోయాకే బిగుస్తుంది. వాలుగా కట్టిన తాడును నిలువుగా లాగితే జరిగేదీ ఇదే. అంటే రేడియస్ ముక్క మీద బలం ముందుగా వోలార్ అంచున పడుతుంది. వోలార్ అంచు ముందుకు వస్తుంది, డార్సల్ అంచు వెనకబడుతుంది. ఫలితంగా టిల్ట్ తటస్థం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, కొన్నిసార్లు వెనక్కి వాలే ఉండిపోతుంది. బలం ఇంకా పెంచితే వోలార్ వైపు మరింత లాగబడుతుంది తప్ప ఆ తేడా పూడదు. 1990లో బార్టోష్, సల్దానా మృతదేహాల చేతులపై చేసిన పరీక్షలో తేలింది కూడా ఇదే: నిలువు లాగుడు పామర్ (అరచేతి వైపు) టిల్ట్‌ను తిరిగి తేలేదు.

దీనికి తోడు వయసు మీరిన ఎముకలో డార్సల్ కార్టెక్స్ (ఎముక వెనుక వైపు గట్టి పైపొర) నుగ్గు నుగ్గు అయి ఉంటుంది. లాగినప్పుడు ఆ వైపు ఖాళీ ఏర్పడుతుంది. లాగుడు వదలగానే ముక్క ఆ ఖాళీలోకే కూర్చుంటుంది. అంటే టిల్ట్ రాకపోవడం ఒక సమస్య, వచ్చింది నిలవకపోవడం మరో సమస్య. రెంటినీ విడివిడిగా చూడాలి.

టిల్ట్‌ను పట్టించుకోవాలా? 15 డిగ్రీల డార్సల్ అంటే పట్టించుకోవాల్సిందే. మామూలుగా వోలార్ టిల్ట్ 11, 12 డిగ్రీలు, ఇంక్లినేషన్ 22, 23 డిగ్రీలు, రేడియల్ హైట్ (రేడియస్ కొన ఎత్తు) 11 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటాయి. మామూలు మణికట్టులో బరువులో 80 శాతం రేడియస్ మీద, 20 శాతం అల్నా మీద పడుతుంది. అల్నా 2.5 మిల్లీమీటర్లు పొడవైతే దాని వాటా 40 శాతం దాటుతుంది. టిల్ట్ 45 డిగ్రీలు వెనక్కి పోతే అల్నా వాటా మూడింట రెండు వంతులకు చేరుతుందని ల్యాబ్‌లో కొలిచారు. మీ కేసు అంత దూరం పోలేదు గానీ దిశ అదే. పైగా లూనేట్ రేడియస్‌తో పాటే వెనక్కి వాలుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి మిడ్‌కార్పల్ కీలు (మణికట్టు చిన్న ఎముకల రెండు వరుసల మధ్య కీలు) ముందుకు వంగుతుంది. నెలల తర్వాత పట్టు బలహీనంగా ఉంది, నొప్పిగా ఉంది అని వచ్చేవారిలో ఈ మెలిక తరచుగా కనిపిస్తుంది. సాధారణంగా రిడక్షన్ (ముక్కలను తిరిగి చోటికి చేర్చడం) తర్వాత కూడా 10 డిగ్రీలకు మించిన డార్సల్ టిల్ట్, 3 మిల్లీమీటర్లకు మించిన పొట్టిదనం, కీలులో 2 మిల్లీమీటర్లకు మించిన మెట్టు ఉంటే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. బాగా వృద్ధులై పనులు తక్కువ చేసుకునేవారికి ఈ గీతలు కాస్త సడలించవచ్చు. ఆ విషయం ఫిల్మ్ చూసి తేలదు, మనిషిని చూసి నిర్ణయించాలి.

బరువు గురించి, సమయం గురించి. లిగమెంట్ రబ్బరు కాదు. అందులోని కొల్లాజెన్ పోగులు మామూలుగా ముడతలు పడి ఉంటాయి. మొదట్లో కొద్ది బలానికే ఆ ముడతలు సాగుతాయి. ముడత పోయాక బలానికి, సాగుడుకు గీసిన గ్రాఫ్ ఒక్కసారిగా నిటారవుతుంది, కొద్ది పొడవుకు చాలా బలం కావాలి. ఇంకా లాగితే పోగులు తెగడం మొదలవుతుంది. మనకు కావాల్సింది ముడత పోయి, పోగు బిగిసే దశ మొదట్లో ఆగడం.

ఇంకో గుణం ఉంది. బరువు మారకుండా వేలాడదీస్తే లిగమెంట్ నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా సాగుతూ పోతుంది. దీన్ని క్రీప్ అంటారు. అందుకే 4 కిలోలతో పదిహేను నిమిషాలు ఆగడం, 8 కిలోలతో రెండు నిమిషాలు లాగడం కంటే మేలు. కండరాలు కూడా ఆ సమయంలోనే సడలుతాయి. ఓపిక లేనిచోట బరువు పెంచడం అలవాటైపోయింది, అది మానాలి. నా పద్ధతిలో కొలతలు ఇలా ఉంటాయి:

పడుకోబెట్టి భుజం పక్కకు, మోచేయి 90 డిగ్రీలు వంచి, ముంజేయి నిలువుగా. మోచేయి వంచితే బ్రాకియో రేడియాలిస్ అనే ముంజేతి కండరం సడలుతుంది. రేడియల్ స్టైలాయిడ్ (బొటనవేలి వైపు రేడియస్ కొన) ముక్కను కిందికి లాగేది అదే కనుక ఇది చిన్న విషయం కాదు. చూపుడు వేలు, నడిమి వేలికి ట్రాప్‌లు. ఇంక్లినేషన్ బాగా పోయిన కేసులో బొటనవేలు కూడా కలపండి. రేడియల్ వైపు వేళ్లను పట్టి వేలాడదీస్తే చేయి అల్నా వైపు వాలి రేడియల్ వైపు లిగమెంట్లు బిగుస్తాయి. పై చేతికి మెత్తటి పట్టీ వేసి దానికి బరువు. మామూలుగా 3 నుంచి 4.5 కిలోలు. పల్చటి చర్మం ఉన్న వృద్ధులకు 2 నుంచి 3 తో మొదలుపెట్టి, వేళ్లకు ముందే టేపు చుట్టి, ట్రాప్‌ల సంఖ్య పెంచి బలాన్ని పంచండి. ఆర్త్రోస్కోపీ (కీలులోకి కెమెరా పెట్టి చూడటం) కోసం కీలు తెరవడానికి వాడే బలం కూడా సుమారు 4.5 నుంచి 7 కిలోలే. రిడక్షన్‌కు దాన్ని దాటే అవసరం రాకూడదు.

నొప్పి తగ్గించకుండా ఇవేమీ పనిచేయవు. ఫ్రాక్చర్ రక్తపు గడ్డలోకి 1 శాతం లిడోకెయిన్ 10 మిల్లీలీటర్ల దాకా, అలెర్జీ, మోతాదు సరిచూసుకుని ఇవ్వండి. కండరం బిగుసుకుని ఉంటే రీజనల్ బ్లాక్ (చేతి మొత్తానికి మత్తు) మేలు. నొప్పితో ఉన్న మనిషి కండరాలు మీ 4 కిలోలను సులువుగా మింగేస్తాయి. అప్పుడు లిగమెంట్‌కు చేరేది చాలా తక్కువ.

ఇంపాక్ట్ అయిన ఫ్రాక్చర్‌లో ట్రాక్షన్ ఒక్కటే సరిపోదు. ఎముక ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటే లాగుడు బలం అక్కడే ఆగిపోతుంది. పది పదిహేను నిమిషాల తర్వాత, వేలాడుతుండగానే, ఫ్రాక్చర్ వంపును కొంచెం పెంచి విడదీసి, తర్వాత బొటనవేలితో డార్సల్ ముక్కను ముందుకు నెట్టండి. ఈ నెట్టుడు దశ వదిలేసి "ట్రాక్షన్‌తో రాలేదు" అనేవారు చాలామంది. మీరు అడిగిన కేసులో అది జరిగిందో లేదో రాయలేదు. జరగకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఏ ముక్క వస్తుంది, ఏది రాదు. ఇక్కడే చాలామంది ట్రాక్షన్‌ను ఎక్కువగా నమ్ముతారు. నియమం చాలా సరళం. ముక్కకు బలమైన లిగమెంట్ అంటుకుని ఉంటే వస్తుంది, లేకపోతే రాదు.

రేడియల్ స్టైలాయిడ్ ముక్క. రేడియో స్కాఫో క్యాపిటేట్, లాంగ్ రేడియో లూనేట్ దాని వోలార్ అంచున పుట్టుకొస్తాయి. ట్రాక్షన్‌కు అన్నిటికంటే బాగా లోబడేది ఇదే. కానీ బ్రాకియో రేడియాలిస్ తిరిగి లాగుతుంది కనుక ట్రాక్షన్‌లో ఉండగానే స్టైలాయిడ్ నుంచి ఒక కె-వైర్ పెట్టేయడం తెలివైన పని.

వోలార్ అల్నార్ మూల. ఇక్కడ షార్ట్ రేడియో లూనేట్ అంటుకుంటుంది. వస్తుంది గానీ తిరిగిపోతుంది. లిగమెంట్ వోలార్ అంచు చివరను పట్టుకుంది, ముక్క మధ్యను పట్టుకోలేదు. లాగగానే ముక్క అడుగు భాగం బయటికి తిరిగి, కీలు వైపు వెనక్కి చూస్తుంది. మరీ లాగితే ఇంకా తిరుగుతుంది. లాటరల్ ఫిల్మ్‌లో వోలార్ అంచు ముక్క ఆకారం, టియర్ డ్రాప్ కోణం (కన్నీటి బొట్టులా కనిపించే ఆ అంచు రేడియస్‌తో చేసే కోణం) చూడండి. తిరిగి ఉంటే ట్రాక్షన్ తగ్గించాల్సిందే. దీన్ని సరిచేయడానికి ముందు నుంచి వెళ్లే ప్లేట్, చిన్న ముక్కైతే దాని అంచుకు సరిపడే ప్లేట్ లేదా వైర్ కావాలి.

డార్సల్ అల్నార్ ముక్క. డార్సల్ రేడియో కార్పల్ పట్టుకుంటుంది కనుక కొంత వస్తుంది. ఆలస్యంగా, అసంపూర్ణంగా వస్తుంది. కారణం పైనే చెప్పాను.

డై పంచ్ ముక్క. కీలు మధ్యలో లూనేట్ గుద్దడంతో లోపలికి దిగబడినది. దీనికి ఏ లిగమెంట్ లేదు. చుట్టూ ముక్కలు సర్దుకున్నాక కూడా ఇది లోపలే ఉంటుంది. దీనికి ట్రాక్షన్ పనిచేయదని ఒప్పుకుని, డార్సల్ వైపు చిన్న రంధ్రం లేదా ఫ్రాక్చర్ సందులోంచి మొద్దు పరికరంతో కింది నుంచి ఎత్తి, ఖాళీలో ఎముక గ్రాఫ్ (మరో చోటి నుంచి తెచ్చిన ఎముక) లేదా ప్రత్యామ్నాయ పదార్థం నింపి, కీలుకు సరిగ్గా కింద అడ్డంగా కె-వైర్ పెట్టాలి. సీటీ తీయాల్సి వస్తే ట్రాక్షన్ తర్వాత తీయండి. ముందు తీసిన సీటీలో ఏ ముక్కకు ఏ గతి ఉందో సగం అర్థం కాదు.

వోలార్ షియర్ ఫ్రాక్చర్, అంటే వోలార్ బార్టన్, వేరే జాతి. కార్పస్ (మణికట్టు చిన్న ఎముకల గుంపు) మొత్తం ముక్కతో పాటు ముందుకు జారి ఉంటుంది. ట్రాక్షన్‌లో చూడటానికి బాగుంటుంది, వదిలితే జారుతుంది. ఫిక్సేటర్ దాన్ని నిలబెట్టదు. బట్రెస్ ప్లేట్ (ముక్క జారకుండా ఆనించి ఆపేది) వేయండి, చర్చ అక్కర్లేదు.

రేడియో కార్పల్ డిస్‌లొకేషన్ ఉన్న ఫ్రాక్చర్‌లో లిగమెంటే రేడియస్ నుంచి ఊడిపోయి ఉంటుంది. అప్పుడు లాగితే కార్పస్ వస్తుంది, ముక్క రాదు. కీలు అసహజంగా వెడల్పైతే, లూనేట్ అల్నా వైపు జరిగితే, ట్రాక్షన్ ఆపి లిగమెంట్ గురించి ఆలోచించండి.

ఈ చివరి విషయం నుంచే ఇంకో ఉపయోగం వస్తుంది. ట్రాక్షన్‌లో తీసిన ఫిల్మ్ పరీక్ష కూడా. మామూలు ఫిల్మ్‌లో ఒకదానిపై ఒకటి కనిపించే కార్పల్ ఎముకలు లాగినప్పుడు విడిపోతాయి. స్కాఫాయిడ్, లూనేట్ మధ్య ఖాళీ, వాటి కింది అంచుల్లో మెట్టు, గిలులా వంపులు (కార్పల్ ఎముకల అంచులు కలిసి గీసే సాఫీ వంపులు) తెగడం చూడండి. రెండో చేతితో పోల్చకుండా నిర్ణయం చేయకండి. స్కాఫో లూనేట్ లిగమెంట్ బలం డార్సల్ భాగంలో ఎక్కువ, లూనో ట్రైక్వెట్రల్‌కు వోలార్ భాగంలో ఎక్కువ. పడిపోయిన దెబ్బలో స్కాఫో లూనేట్ ఇదివరకే సగం తెగి ఉంటే, అనవసరంగా లాగి మిగతా సగాన్ని తెంచే అవకాశం ఉంది. స్టైలాయిడ్ ఫ్రాక్చర్ గీత సరిగ్గా స్కాఫాయిడ్, లూనేట్ ముఖాల మధ్య గట్టు దగ్గర కీలులోకి వస్తే అనుమానం రెట్టింపు చేసుకోండి.

టిల్ట్ ఎలా తేవాలి. మూడు మార్గాలు. మీ కేసులో రెండోది లేదా మూడోది ఎంచుకుంటాను.

మొదటిది, చేతిని అరచేతి వైపు జరపడం. 1990ల్లో జాన్ ఏజీ ముందుకు తెచ్చిన ఆలోచన. మొదట నిలువుగా లాగి పొడవు తెచ్చి, తర్వాత అదే ట్రాక్షన్‌లో చేతిని వంచకుండా మొత్తంగా అరచేతి వైపు సమాంతరంగా నెట్టాలి. క్యాపిటేట్ తల ముందుకు జరుగుతూ లూనేట్‌ను తనతో ముందుకు తిప్పుతుంది, లూనేట్ రేడియస్ ముక్కను తిప్పుతుంది. మెకానిక్స్ ప్రకారం ఇది చక్కటి ఉపాయం, కానీ లూనేట్‌కు పట్టు ఇచ్చేంత పెద్ద ముక్క ఉండాలి. డార్సల్ కార్టెక్స్ పొడిపొడి అయితే ఫలితం నిలవదు. నెట్టడానికి వీలుగా ఉన్న ఫిక్సేటర్‌లో సులువు, మామూలు గొట్టం ఫ్రేమ్‌లో బార్ బిగించే ముందే చేసి పట్టి ఉంచాలి.

రెండోది, కపాంజీ పద్ధతి. 1.6 మిల్లీమీటర్ల కె-వైర్‌ను డార్సల్ వైపు నుంచి నేరుగా ఫ్రాక్చర్ గీతలోకి దూర్చి, వైర్‌ను కిందికి వంచి ముక్కను ఎత్తి, తర్వాత ఎదుటి కార్టెక్స్‌లోకి తోలడం. దిశ కోసం సి-ఆర్మ్‌లో (ఆపరేషన్ సమయంలో చూసే ఎక్స్‌రే యంత్రం) లాటరల్ చూస్తూ చేయండి. ఎత్తిన తర్వాత వైర్ ఒరుగు వైపే ముక్క ఆనుకుంటుంది కనుక డార్సల్ ఖాళీ పెద్దగా ఉంటే ఒక్క వైర్ చాలదు. ఎముక మరీ మెత్తగా ఉంటే వైర్ ఎముకను కోసుకుంటూ పోతుంది. టెండన్లకు, ఉపరితల రేడియల్ నరానికి దెబ్బ తగలకుండా చిన్న కోత పెట్టి మొద్దు ఫోర్సెప్స్‌తో దారి చేయండి.

మూడోది, వోలార్ లాకింగ్ ప్లేట్. ట్రాక్షన్ పొడవు ఇస్తుంది, ప్లేట్ టిల్ట్ ఇస్తుంది. ముందుగా ప్లేట్ పైభాగం స్క్రూలను కీలు ఉపరితలానికి సమాంతరంగా పెట్టి, ప్లేట్ కాండాన్ని ఎముక నుంచి కావాల్సినంత ఎత్తి ఉంచి, తర్వాత ఎముకకు దింపితే ముక్క తిరుగుతుంది. ఆపరేషన్ సమయంలో ఫింగర్ ట్రాప్ ఎప్పుడూ తోడుంటుంది, ఆ తర్వాత అవసరం ఉండదు.

మణికట్టును బాగా వంచి, అల్నా వైపు తిప్పి కట్టు వేసే పాత పద్ధతి గురించి కూడా అడుగుతారని తెలుసు. వంచితే డార్సల్ లిగమెంట్లు బిగిసి టిల్ట్ నిజంగానే సరవుతుంది. కానీ వంచిన కట్టులో కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం, టెండన్లు పోయే సొరంగం) ఒత్తిడి పెరుగుతుంది, అందులోంచి పోయే మీడియన్ నరం దెబ్బతింటుంది, వేళ్లు బిగుసుకుపోతాయి. ట్రాక్షన్ కూడా జతయితే మరీ ప్రమాదం. ఫిక్సేటర్‌లో మణికట్టు తటస్థంగానో, కొద్దిగా వెనక్కి ఎత్తో ఉండాలి. అదే టిల్ట్‌ను వంపుతో కొనుక్కోవద్దు.

ఫిక్సేటర్‌తో ఎంత లాగాలి. మీ మూడో ప్రశ్న ఇది. ఇది నిజానికి రెండు ప్రశ్నలు: బిగించేటప్పుడు ఎంత, ఆ తర్వాత ఎంతసేపు.

బిగించేటప్పుడు సి-ఆర్మ్‌లో రేడియో కార్పల్ ఖాళీ, మిడ్‌కార్పల్ ఖాళీ పోల్చండి. రేడియో కార్పల్ ఖాళీ మిడ్‌కార్పల్ కంటే ఒక మిల్లీమీటరుకు మించి ఎక్కువ ఉండకూడదు. మిడ్‌కార్పల్ కూడా తెరుచుకుంటోందంటే మీరు ఇప్పటికే దాటారు. కార్పల్ ఎత్తును మూడో మెటాకార్పల్ (నడిమి వేలి కింది అరచేతి ఎముక) పొడవుతో భాగిస్తే మామూలుగా 0.54 చుట్టూ వస్తుంది. అది బాగా పెరిగి కనిపించినా అదే సంకేతం. సంఖ్యల కంటే ముఖ్యమైనది చేతి పరీక్ష. ఫ్రేమ్ బిగించాక ప్రతి వేలిని మీరే పట్టుకుని ఎంసీపీ కీలు (వేలి మొదట్లోని కీలు) 90 డిగ్రీల వరకు వంచండి. చూపుడు వేలిని ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే పిన్‌లు దాని మెటాకార్పల్‌లోనే ఉన్నాయి. నాలుగు వేళ్లూ అరచేతిని ఏ ఇబ్బందీ లేకుండా తాకాలి. తాకకపోతే ఫిల్మ్ ఎంత అందంగా ఉన్నా కాస్త సడలించండి.

కారణం ఏమిటంటే వేళ్లను చాపే టెండన్లు మణికట్టు మీదుగా పోతాయి. కార్పస్ పొడవైతే ఆ టెండన్‌కు ఎక్కువ దూరం సాగాల్సి వస్తుంది, అది నిజంగానే పొట్టిదైపోయినట్టు పనిచేస్తుంది. వేలు వంగడానికి పడే బలం పెరుగుతుంది. నొప్పికి భయపడి రోగి కదపడు. ఆరు వారాల తర్వాత వేళ్లు కర్రల్లా వస్తాయి. మితిమీరి లాగిన మణికట్టులో కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ (గాయం తర్వాత వదలని తీవ్ర నొప్పి, బిగుసుకుపోవడం) ప్రమాదం కూడా పెరుగుతుంది. లాగుడు ఎంత ఎక్కువైతే, ఎంత ఎక్కువ కాలం ఉంటే, చేతి పనితనం అంత తగ్గుతుంది. ఎముకలో ఖాళీ మిగిలి అతుకు ఆలస్యమవడం ఇంకో వైపు.

ఎంతసేపు అన్నదానికి లిగమెంట్ స్వభావమే జవాబు. బరువు మారకపోతే క్రీప్ అని చెప్పాను. ఫ్రేమ్‌లో మాత్రం పొడవు మారదు, కాబట్టి ఇక్కడ జరిగేది దానికి విరుద్ధం: పొడవు అలాగే ఉండి టెన్షన్ తగ్గిపోతుంది. దీన్ని స్ట్రెస్ రిలాక్సేషన్ అంటారు. బిగించిన కొద్దిసేపటికే బలం తగ్గడం మొదలవుతుంది, వాపు తగ్గాక ఇంకా పడిపోతుంది. కాబట్టి మొదటి రోజు ఫ్రేమ్ ముక్కను లాగి పట్టుకుంటే, కొన్ని రోజులకు కేవలం పొట్టిదవకుండా అడ్డు నిలబడి ఉంటుంది. దీన్ని ముందే ఊహించి గట్టిగా లాగడం కనిపించే పరిష్కారం, అదే తప్పుదారి. సరైనది కె-వైర్లు జత చేయడం. స్టైలాయిడ్ నుంచి రెండు, డార్సల్ అల్నార్ మూల నుంచి ఒకటి. ముక్కలను వైర్లు పట్టుకుంటాయి, ఫ్రేమ్ కేవలం బరువు మోస్తుంది, లిగమెంట్ల మీద మీరు ఆధారపడాల్సిన పని తగ్గుతుంది. ఖాళీ పెద్దదైతే గ్రాఫ్ కూడా వేస్తే లాగుడు ఇంకా తగ్గించవచ్చు, ఫ్రేమ్ కూడా త్వరగా తీయవచ్చు.

మూడు వారాలకు ఫిల్మ్ తీసి, వైర్లు గట్టిగా ఉంటే లాగుడును తటస్థానికి సడలించండి. ఫ్రేమ్ మామూలుగా ఆరు వారాలు. దాన్ని ఎనిమిదికి పొడిగించడం చాలాసార్లు అతుకు కోసం అని రాస్తారు గానీ, అది మన ధైర్యం కోసమే. బ్రిడ్జ్ ప్లేట్ (రేడియస్ నుంచి మెటాకార్పల్ దాకా మణికట్టు మీదుగా వేసేది) వేసినప్పుడు మాత్రం దాదాపు పన్నెండు వారాలు ఉంచుతాం. అక్కడా లాగుడు నియమం ఇదే: వేళ్లు వంగాలి.

పిన్‌ల దగ్గర పొరపాట్లు త్వరగా చెబుతాను. రేడియస్‌లో పిన్ పెట్టే చోట ఉపరితల రేడియల్ నరం బ్రాకియో రేడియాలిస్ కిందనుంచి చర్మం వైపు వస్తుంది, అది స్టైలాయిడ్‌కు సుమారు 8, 9 సెంటీమీటర్ల పైన. కత్తితో పొడిచి డ్రిల్ చేసే అలవాటు మానేసి చిన్న కోత, రిట్రాక్టర్, డ్రిల్ గైడ్ వాడండి. డ్రిల్‌ను తక్కువ వేగంతో, సెలైన్ పోస్తూ నడపండి. వేడికి చచ్చిన ఎముకలో పిన్ వదులై, ఇన్‌ఫెక్షన్ చేరి, ఫ్రేమ్ ముందే తీయాల్సి వస్తుంది. రెండో మెటాకార్పల్‌లో పిన్ పెట్టేటప్పుడు చూపుడు వేలి ఎంసీపీ వంచి ఉంచండి. చాపి ఉంచి పెడితే కండరం, ఎక్స్‌టెన్సర్ హుడ్ (వేలిని చాపే టెండన్ పొర) పిన్‌కు చిక్కుకుని, పైన చెప్పిన చేతి పరీక్షలో మీరు లాగుడే కారణమనుకుంటారు. పిన్ మందం ఎముక మందంలో మూడో వంతుకు మించకూడదు, లేదంటే తీసిన తర్వాత ఆ రంధ్రం దగ్గరే విరుగుతుంది. మెటాకార్పల్‌కు 3 మిల్లీమీటర్లు చాలు.

మీడియన్ నరం గురించి కూడా ఒక మాట. ట్రాక్షన్‌కు ముందే మొదటి మూడు వేళ్ల స్పర్శ రాసిపెట్టుకోండి. తర్వాత తిమ్మిరి పెరుగుతుంటే ముందుగా లాగుడు తగ్గించి, వంపు తీసేసి, కట్టు పూర్తిగా చీల్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే కార్పల్ టన్నెల్ విడుదల చేయడంలో ఆలస్యం వద్దు.

మీ కేసులో ఇక చేయాల్సిన క్రమం: బరువు 4 దగ్గరే ఉంచండి. ఇంకో పదిహేను నిమిషాలు ఆగి, వంపు పెంచి విడదీసి, డార్సల్ ముక్కను నెట్టి ఫిల్మ్ తీయండి. టిల్ట్ సున్నా దాటి వోలార్ వైపు వస్తే సీటీ తీసి, డై పంచ్ లేకపోతే వైర్లతో స్థిరం చేసి కట్టు లేదా ఫ్రేమ్. ఇంకా 10 డిగ్రీలకు మించి వెనక్కే ఉంటే, లేదా డార్సల్ వైపు పిండి అయి కనిపిస్తే, రోగికి అది సమంజసమైతే వోలార్ ప్లేట్. ప్లేట్‌కు రోగి తగినది కాకపోతే కపాంజీ వైర్లు, తోడుగా తేలికపాటి ఫ్రేమ్. విరిగి పది, పదిహేను రోజులు దాటితే కాలస్ (విరిగిన చోట అతికించే కొత్త ఎముక) మొదలై లిగమెంట్ లాగుడుకు ముక్కలు లోబడవు. కాబట్టి ఇంకో వారం కట్టు వేసి చూద్దాం అనే దారి ఇక్కడ లేదు. ఏ దారి ఎంచుకున్నా వారం, రెండు వారాలకు ఫిల్మ్ తీసి టిల్ట్ జారిందేమో చూడండి, వేళ్ల కదలిక మొదటి రోజు నుంచే మొదలుపెట్టించండి.